నాయనమ్మ బాతులు, మా జాకీ నడక

నాకు అక్షరాలు అసలు రావని కాదు. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను. అంతకు మించి కలం పట్టింది లేదు. అందుకని నేను చెప్తుంటే మా అమ్మాయి సునీత రాస్తోంది. అది గుడివాడలో పంతులమ్మ. కుక్కని "వాడు" అంటావేంటమ్మా, "అది" అనాలి అని మొదట్లోనే దిద్దబోయింది. దిద్దుడు గుడివాడలో పెట్టుకో, ఇక్కడ నేను చెప్పింది రాయి అన్నాను. మా జాకీ నాకు వాడే. మా ఆయన వాణ్ణి కళ్ళు తెరిచీ తెరవని పిల్లప్పుడు కృత్తివెన్ను నుంచి లుంగీ మడతలో పెట్టుకుని తెచ్చాడు. నాగాయలంక అవతల మా రొయ్యల చెరువు గట్టు మీదే పెరిగాడు వాడు. ఆయనా వాడూ గట్టు చుట్టూ తిరగడం, రొయ్యల కోసం నీరుకాకి వాలితే ఆయన అరవక ముందే వాడు అరవడం, ఇద్దరూ ఒకే పళ్ళెం ముందు కూర్చోవడం, ఇదే బతుకు. ఆయన పోయాక చెరువు వేరే వాళ్ళకి లీజుకిచ్చాం. వాళ్ళ కుక్కలు వాళ్ళకున్నాయి. జాకీ ఇంటికొచ్చాడు. అప్పటినుంచీ ఇంట్లో ఇద్దరమే, నేనూ వాడూ.

ఇంటికొచ్చినవాణ్ణి ఏం చేస్తాం? మేపాను. నాకు తెలిసిన ప్రేమ అదే. రొయ్య తలకాయలు ఉడకబెట్టి, వేడన్నంలో కలిపి, పైన ఇంత నెయ్యి వేసి పెట్టేదాన్ని. ఎండన పడి తిరుగుతాడని వరండాలో గొలుసేసి కట్టాను. నా బతుకంతా గట్ల మీద అరిగిపోయింది, నువ్వన్నా కాళ్ళు చాపుకుని పడుకోరా అనేదాన్ని. వాడు నున్నగా, గుండ్రంగా తయారయ్యాడు. పక్కింటి రూతమ్మ, నాకు ఆడపడుచు వరస, వచ్చినప్పుడల్లా "నీ జాకీ పెళ్ళికొడుకులా ఉన్నాడే!" అనేది. నేనేమో పొంగిపోయేదాన్ని.

ఆ చలికాలం ఒక పొద్దున వాడు లేవలేదు. ముందు కాళ్ళు లేచాయి, వెనక కాళ్ళు రాలేదు. టైల్సు మీద గోళ్ళు గీరుకుంటున్నాయి తప్ప ఒళ్ళు పైకి రావట్లేదు. నేను నడుం పట్టి లేపబోతే కుయ్యిమని అరిచి, నా చెయ్యి నోట్లోకి తీసుకున్నాడు. కొరకలేదు, ఊరికే పట్టుకున్నాడు. వాడలా ఎప్పుడూ చెయ్యలేదు. రూతమ్మ వచ్చి చూసి, "కీళ్ళ నొప్పులే వదినా, నాకున్నట్టే. ఉండు" అని తన మాత్ర ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది. పెరుగన్నంలో నలిపి పెట్టు, సాయంత్రానికి గెంతుతాడంది. నలిపాను కూడా. ఇంతలో సునీత ఫోను చేసింది. విషయం చెప్తే అటునుంచి గట్టిగా అరిచింది. "మనుషుల మాత్ర పెట్టావంటే దాన్ని నువ్వే చంపినట్టు! ఆ గిన్నె అవతల పారెయ్. రేపు సెలవు, నేనొస్తున్నా, ఆసుపత్రికి తీసుకెళ్దాం" అంది. గిన్నె పారబోశాను. రూతమ్మకి కోపం వచ్చింది. "నేను మింగేదే కదా ఇచ్చింది, విషమేమన్నా ఇచ్చానా" అని ముక్కు ఎగరేసుకుంటూ వెళ్ళింది.

మర్నాడు అవనిగడ్డ పశువుల ఆసుపత్రికి ఆటో మాట్లాడాం. ఆటో చిట్టిబాబు ఆసుపత్రి అనగానే జబ్బు నాకో సునీతకో అనుకున్నాడు. దుప్పట్లో వేసుకుని జాకీని మోసుకొస్తుంటే, "అత్తా, పేషెంటు వీడా! ఫోన్లో చెప్పావు కాదే" అన్నాడు. "చెప్తే వచ్చేవాడివా?" అన్నా. "రాకేం, కానీ చల్లగాలి తగలకుండా వెనక పరదా కట్టుకొచ్చేవాణ్ణి" అన్నాడు. మంచోడు. దారంతా గుంటలొచ్చిన చోట మెల్లగా పోనిచ్చాడు.

అక్కడ డాక్టరమ్మ చిన్నపిల్ల. జాకీ కాళ్ళు ఒక్కో కీలూ మడిచి, చాపి, వాడి మొహం చూస్తూ నొక్కింది. కీళ్ళ మధ్య ఉండే మెత్తదనం అరిగిపోయిందమ్మా అంది. పూర్తిగా నయమయ్యేది కాదు, కానీ నొప్పి తగ్గించి తిరిగేలా చెయ్యొచ్చు అంది. మాత్ర రాసింది. తిన్నాకే వెయ్యండి, వాంతులైనా, నల్లగా విరేచనమైనా ఆపేసి వెంటనే తీసుకురండి అంది. మనం మోకాళ్ళకి రాసుకునే ఘాటు మందులు రాయొద్దు, నాకేస్తాడు అంది. నున్నటి నేల మీద ఉంచొద్దు, గోళ్ళు కత్తిరించండి, కాపడం పెట్టండి, అన్నీ చెప్పింది. చివర్న, "బరువు బాగా తగ్గాలమ్మా. ఆ ఒళ్ళంతా ఆ కీళ్ళే మొయ్యాలి. కట్టెయ్యడం మానండి. రోజూ కొంచెం కొంచెం నడిపించండి. కూర్చోబెట్టారంటే ఇంక లేవడు" అంది.

కూర్చోబెట్టారంటే ఇంక లేవడు. ఆటోలో వస్తున్నంతసేపూ నాకు ఆ మాటే. సునీత ఏదో మాట్లాడుతోంది, నాకు వినపడట్లేదు. మా నాయనమ్మ కళ్ళముందుకొచ్చింది. ఎన్నేళ్ళైందో ఆవిడ గురించి అంతగా తలుచుకుని.

మా నాయనమ్మ పేరు సారమ్మ. మేముండే గూడెం కాలవ గట్టు కింద. జమ్ముగడ్డి కప్పిన గుడిసె, మట్టి అరుగు, వెనక బాతుల దొడ్డి. నాయనమ్మ బాతులు పెంచేది. పెద్ద మంద కాదు, మాకు గుడ్లకీ, వాడుకగా కొనే వాళ్ళకీ సరిపడా. వయసులో ఉన్నంతకాలం ఊడ్పులకెళ్ళి, మోకాలి లోతు బురదలో నడుం వంచి నాట్లేసిన మనిషి. ఆ చల్లనీళ్ళే ఎముకల్లో దిగాయనేది. నాకు బుద్ధి తెలిసేసరికే ఆవిడ కాళ్ళు వంకరపోయి దొడ్డికాళ్ళయి, మోకాళ్ళు ఒక్కోటి కొబ్బరికాయంత వాచి ఉండేవి. చేతిలో వెదురుకర్ర పట్టుకుని అటోమాటు ఇటోమాటు ఊగుతూ బాతుల వెనక వెళ్తుంటే, మేం పిల్లలం వెనకాల నిలబడి నవ్వేవాళ్ళం. "నాయనమ్మా, నువ్వు పెద్ద బాతువే!" అంటే, "అవునే, మీ నాన్న గుడ్డులోంచే వచ్చాడు, అడగండి" అనేది. మేం నమ్మాం కూడా కొన్నాళ్ళు.

మా ఇంట్లో తెల్లారడం అంటే వాసనే. అమ్మ ఊక పొయ్యి రాజేసి, పగిలిన కుండ పెంకులో ఇసుక వేయించేది. ఇంకో పక్క నాయనమ్మ కాళ్ళకి పోసే నీళ్ళలో వావిలాకు మరిగేది. ఆ ఆకు వాసన చేదుగా, ఘాటుగా ఇల్లంతా పట్టేది, మా పుస్తకాలకీ గౌనులకీ కూడా అదే వాసన. నేను బడికెళ్ళిన ఆ కొన్నాళ్ళలో నా పక్కన కూర్చునే పిల్ల "మీ ఇంట్లో రోజూ మందు వండుకుంటారా?" అని అడిగింది. వేగిన ఇసుకని పాత పంచె గుడ్డలో మూటకట్టి నాయనమ్మకి అందించడం నా పని. ఆవిడ తిన్నగా మోకాలి మీద పెట్టుకునేది కాదు. ముందు తన బుగ్గకి ఆనించుకునేది. బుగ్గ ఓర్చుకుంటే మోకాలు ఓర్చుకుంటుంది అనేది. ఆ తర్వాత గోరువెచ్చటి ఆముదం పోసుకుని, అరచేత్తో గుండ్రంగా రుద్దుకుంటూ మోకాళ్ళతో మాట్లాడేది. నిజంగానే మాట్లాడేది. "లేవండే దొంగముండల్లారా, బాతులు ఆకలితో మాడుతున్నాయి. మీకు కాపడం కావాలి, నూనె కావాలి, సోకులు కావాలి, పని మాత్రం వద్దు" అని.

లేవడం కూడా ఆవిడకో పద్ధతి ఉండేది. ఒక్కసారిగా లేచేది కాదు. పడుకునే కాలివేళ్ళు ఆడించేది, మడమలు తిప్పేది, ఒక్కో కాలూ మంచం దింపేది. గుడిసె రాట పట్టుకుని నిలబడేది. నిలబడ్డాక వెంటనే అడుగు వేసేది కాదు, కాళ్ళలోకి నెత్తురు దిగేదాకా ఎవర్నో ఒకర్ని తిట్టేది. ఎక్కువగా మా నాన్ననే. ఆయన గుడిసె బయట పళ్ళు తోముకుంటూ నవ్వుకునేవాడు. తిట్లు అయిపోయాయంటే నడక మొదలైనట్టు. బాతుల దొడ్డి తడిక తీసేది. అవి గోల చేసుకుంటూ ఆవిణ్ణి తోసుకుంటూ పరిగెత్తేవి. కాలవ గట్టు దిగి, కోసేసిన చేలల్లోకి. రాలిన గింజలు, నత్తలు, పురుగులు తిని పొద్దెక్కాక తిరిగొచ్చేవి. పోయేటప్పుడు ఆవిడ కుంటేది. వచ్చేటప్పుడు అంత కుంటేది కాదు. చిన్నదాన్నైనా అది నేను చూశాను. కానీ దానికో అర్థం ఉందని తెలీదు.

మా నాన్న ఏసోబుకి కాలనీలో ఇల్లొచ్చింది. సిమెంటు ఇల్లు, పైన స్లాబు, ముందు వరండా. మా గూడెంలో మొదట వచ్చిన వాళ్ళలో మేమొకళ్ళం. నాన్న అప్పటికి ఒక రైతు దగ్గర ట్రాక్టరు తోలుతున్నాడు. చర్చిలో ముందు వరసలో నిలబడేంత మనిషయ్యాడు. అలాంటాయన తల్లి ఇంకా బురదలో బాతుల వెంట కుంటుతూ తిరుగుతుంటే నలుగురూ ఏమంటారు? అన్నారు కూడా. "ఏసోబూ, ఇల్లు కట్టావు సరే, ముసల్దాన్ని మాత్రం చేలల్లో తిప్పుతున్నావు" అని ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన అందరి ముందూ అన్నాడు. నాన్న మొహం మాడిపోయింది. ఆ వారంలోనే బాతుల్ని కైకలూరు వైపు నుంచి వచ్చిన మందవాళ్ళకి ఇచ్చేశాడు. వరండాలో కొత్త నవారు మంచం వేయించాడు. అమ్మా, చేసిన చాకిరీ చాలు, ఇంక కాలు కింద పెట్టొద్దు అన్నాడు. ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు. కొడుకంటే ఇలా ఉండాలన్నారు. తల్లిని కూర్చోబెట్టి తిండి పెట్టడం అంటే మాలో అంత గొప్ప. సూదులు వేసే ఆయన కూడా వచ్చి మోకాళ్ళు చూసి, రెస్టు ఇవ్వండి, రెస్టే మందు అన్నాడు.

"ఒరే ఏసోబూ, ఒక్క బాతునైనా ఉంచరా" అంది నాయనమ్మ.

"గుడ్డు కావాలంటే కొట్లో తెస్తా గదే అమ్మా" అన్నాడు నాన్న.

"గుడ్డు కోసం కాదురా సచ్చినోడా" అంది. మరి దేనికో చెప్పలేదు. చెప్పడం ఆవిడకీ తెలిసుండదు.

ఇసుక మూట ఆగలేదు. ఆముదం ఆగలేదు, వావిలాకు ఆగలేదు. ఇంకా ఎక్కువే చేశారు. పొద్దున మా అమ్మ, సాయంత్రం నేను. అన్నం మంచం దగ్గరికే, నీళ్ళు మంచం దగ్గరికే. చేపల పులుసులో నడిముక్క ఎప్పుడూ ఆవిడకే. ఒళ్ళొచ్చింది ఆవిడకి. చూడ్డానికొచ్చిన చుట్టాలు "సారమ్మత్త తేరుకుందే" అని వెళ్ళేవాళ్ళు. పొద్దున్నే కాలవ గట్టు మీద ఎవరి బాతులో అరుచుకుంటూ వెళ్తుంటే ఆవిడ కాళ్ళు రెండూ మంచం కిందికి దించేది. అమ్మ గబగబా వచ్చి, "ఎందుకత్తా లేవడం, నేను లేనూ" అని ఆ కాళ్ళని పట్టి మళ్ళీ పైన పెట్టేది. అమ్మ మంచిది. ఎంత నెమ్మదిగా పట్టేదో ఆ కాళ్ళని! ఆవిడ దించేది, అమ్మ పైకి పెట్టేది. కొన్నాళ్ళకి దించడం మానేసింది. ఆ తర్వాత దించుదామన్నా మోకాళ్ళు సాగలేదు. మడిచినవి మడిచినట్టే బిగిసిపోయాయి. మోకాళ్ళని తిట్టడం కూడా మానేసింది. మా నాన్నని తిట్టడమూ మానేసింది. అదే నాన్నకి బాధ. "అమ్మ నన్ను తిట్టట్లేదేంటే" అని అమ్మనడిగేవాడు. అలాగే చాలా ఏళ్ళు బతికింది నాయనమ్మ, మంచం మీదే.

నాన్నని నేను తప్పు పట్టట్లేదు. ఆయనకి తెలిసిన ప్రేమ అది. నేను జాకీకి గొలుసేసి నెయ్యన్నం పెట్టినట్టే.

అవనిగడ్డ నుంచి వచ్చిన రోజే గొలుసు విప్పేశాను. వరండా నిండా గోనె పట్టాలు పరిచి, అంచులు కదలకుండా ఇటుకలు పెట్టాం. సునీత వాడి గోళ్ళు కత్తిరించింది. నడక లేక గోళ్ళు వంకర్లు తిరిగిపోయాయి, అందుకే మరీ జారాడు. ఇవన్నీ తేలికే. కష్టమల్లా తిండి తగ్గించడం. డాక్టరమ్మ చెప్పినట్టు అన్నం తగ్గించి, ఉడికిన సొరకాయా, ముల్లు తీసిన చేపా కలిపి పెడితే, మొదటి రోజు వాసన చూసి నా మొహంలోకి చూశాడు. ఆ చూపుంది చూశారూ! ఇదేంటి, ఆయన లేడని నాకు ఇలా పెడుతున్నావా అన్నట్టు. నేను లోపలికెళ్ళి తలుపేసుకున్నాను. బయటికొచ్చి చూస్తే గిన్నె నాకి పెట్టాడు. వాడికి చూపు కూడా ఒక విద్యే.

పొద్దున్నే ఇసుక మూట. ఊక పొయ్యి లేదు, గ్యాసు మీదే మూకుడు పెట్టి వేయిస్తాను. బుగ్గకి ఆనించి చూసుకుని వాడి తుంటి మీద పెడతాను. మొదట్లో చిరాకు పడ్డాడు గానీ, ఇప్పుడు మూకుడు చప్పుడు వింటే పక్కకి తిరిగి పడుకుంటాడు. వావిలాకు మాత్రం పెట్టను. నాకుతాడు, పైగా ఆ వాసనకి తుమ్ముతాడు. కాపడం అయ్యాక నా పాత చీర మడతపెట్టి పొట్ట కింద నుంచి వేసి, రెండు కొసలూ పట్టుకుని వెనక భాగం లేవడానికి సాయం చేస్తాను. అదీ డాక్టరమ్మ చూపించిందే. లేచాక వెంటనే నడిపించను. కాసేపు నిలబడనిస్తాను. ఆ కాసేపట్లో నేను కూడా ఎవర్నో ఒకర్ని తిడతాను. ఎక్కువగా మా ఆయన్నే, ముందు పోయినందుకు.

తర్వాత మా ఇంటి పక్కనున్న కాలవ గట్టు మీద నడక. సిమెంటు రోడ్డు మీద కాదు, పక్కన మెత్తటి మట్టి మీద. మొదట్లో మా ఇంటి మలుపు దాకానే. చూసినవాళ్ళు ఊరుకుంటారా? ఒక ఆదివారం చర్చి నుంచి అందరూ వస్తున్నారు. నేను చీర కొసలు పట్టుకుని వాడి వెనక నడుస్తున్నాను. వాడు కుంటుతున్నాడు, నాలిక బయటపెట్టాడు. రూతమ్మ అందర్లో ఆగి, "ఏం వదినా, నీకు జాలి లేదా? ఆ ముసలి ప్రాణాన్ని ఈడ్చుకుంటూ తిప్పుతున్నావు. మూల పడుకోబెట్టి ఇంత ముద్ద పెట్టకూడదూ? అన్నం కూడా తగ్గించేశావంట!" అంది. పక్కనున్న వాళ్ళు తల ఊపారు. "పాపం, ఎలా చిక్కిపోయాడో" అంది ఇంకొకావిడ.

మా నాన్న మొహం ఎందుకు మాడిందో నాకప్పుడు తెలిసింది. నలుగుర్లో జాలి లేనిదానివి అంటే ఒంట్లో రక్తం తలకెక్కుతుంది. వాణ్ణి ఎత్తుకుని ఇంటికి తీసుకెళ్ళి, నెయ్యన్నం కలిపి పెట్టేసి, చూడండి నేనెంత మంచిదాన్నో అని చూపించాలనిపించింది. చీర కొసలు మాత్రం వదల్లేదు.

"జాలి ఉండబట్టే తిప్పుతున్నానే రూతూ. నీ మోకాళ్ళు కూడా మంచానికి ఇచ్చెయ్యకు. రేపు పొద్దున నాతో రా, నిన్నూ తిప్పుతా" అన్నాను.

"నాకు చీర కడతావా ఏంటి పొట్ట కింద?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ మాత్రం రాలేదు. రాదులెండి, ఆవిడకి సీరియళ్ళున్నాయి.

జాకీ చిక్కాడు. చిక్కాక లేవడం తేలికైంది. చీర అవసరం కొన్ని రోజులు ఉంటుంది, కొన్ని రోజులు ఉండదు. వాన పట్టిందంటే మళ్ళీ బిగుస్తాడు. మాత్ర ఒక్కోసారి తగ్గిస్తారు, ఒక్కోసారి పెంచుతారు, నెలనెలా చిట్టిబాబు ఆటో తప్పదు. వాడెప్పటికీ గట్టు చుట్టూ పరిగెత్తడు, అది నాకు తెలుసు. డాక్టరమ్మ దాచకుండానే చెప్పింది. ఇంక లేవలేని రోజు ఒకటి వస్తుందమ్మా, అప్పుడు మీరే తెలుసుకుంటారు అంది. తెలుసుకుంటాను. కానీ ఆ రోజు వాడి ఒళ్ళే తేవాలి, నేను మంచం వేసి ముందే తేకూడదు.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఏంటమ్మా అని సునీత అడుగుతోంది, మాత్రలా, డాక్టర్లా అని. మాత్రలు మంచివే. నాయనమ్మకి ఆ మాత్ర ఉంటే ఎన్ని పొద్దులు సుఖంగా లేచేదో. కానీ మాత్ర ఉన్నా ఆవిడ కాళ్ళు ఎత్తి మంచం మీద పెట్టేవాళ్ళమే. ఎందుకు కిందికి దించుతున్నావు, ఎక్కడికెళ్దామని నాయనమ్మా అని మా ఇంట్లో ఒక్కళ్ళం కూడా అడగలేదు.

నిన్న పొద్దున జాకీ తూము దాకా వచ్చాడు. అక్కడ నీళ్ళు చేలల్లోకి మళ్ళుతాయి. నీళ్ళ చప్పుడు వింటూ ఆగి, మెల్లగా వెనక కాళ్ళు మడిచి గట్టు మీద కూర్చున్నాడు. లే అనలేదు నేను. పడుకో అని కూడా అనలేదు. పక్కనే తూము రాయి మీద కూర్చున్నాను. చిట్టిబాబు ఆటో ఆపి, "ఏం అత్తా, వెనక్కి దింపనా ఇద్దర్నీ?" అన్నాడు. "వాణ్ణడుగు" అన్నాను. చిట్టిబాబు నవ్వి వెళ్ళిపోయాడు. కాసేపయ్యాక జాకీ ముందు కాళ్ళు చాపాడు, వెనక కాళ్ళు కూడదీసుకున్నాడు, ఒక్క ఊపు ఊగి లేచాడు. ఇంటి వైపు తిరుగుతాడేమో అని నేనూ లేచి చీర సర్దుకున్నాను. వాడు తిరగలేదు. ముందుకే వెళ్ళాడు, తూము దాటి. సరే పద అన్నాను.